మిషన్‌లో వేసే ముందు

పండగ వెళ్ళిన మర్నాడు ఇంట్లో పోగుపడే బట్టల సంగతి మాట్లాడుకుందాం రండి. సంక్రాంతి మూడు రోజులూ అయిపోయి, వచ్చిన చుట్టాలు బస్సులెక్కి, ఇల్లు కాస్త సద్దుమణిగాక స్నానాల గది మూల ఒకసారి చూడండి. తలంటి పోసుకున్న నూనె తువ్వాళ్ళు, అందరూ కప్పుకుని వదిలేసిన దుప్పట్లు, ముగ్గు రంగులు అంటిన పిల్లల గౌన్లు, భోగి పొగ వాసన వదలని స్వెట్టర్లు, పులిహోర పడ్డ తెల్ల చొక్కా, గడప పసుపు తగిలిన పంచె అంచు, అన్నిటికీ అడుగున ఒక పట్టు పరికిణీ. అంతా ఒకటే గుట్ట. ఆ గుట్టని రెండు చేతులా ఎత్తి మిషన్‌లో కుక్కి, గుప్పెడు సర్ఫు పోసి, బటన్ నొక్కి వచ్చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళని ఓ పది నిమిషాలు ఆగమని బతిమాలడానికే ఈ కబుర్లు.

ఎందుకంటే మిషన్ చేసేది చాకిరీ వరకే. నీళ్ళు పట్టుకుంటుంది, గుడ్డల్ని తిప్పుతుంది, జాడిస్తుంది, పిండుతుంది. అంత బరువు మన నడుముల మీంచి దించినందుకు దానికి దణ్ణం పెట్టాల్సిందే. బావిగట్టున ఇంటిల్లిపాది బట్టలూ ఉతికి, సాయంత్రానికి వేళ్ళు నాని ముడతలు పడ్డ తల్లుల్ని చూసినవాళ్ళెవరూ ఈ మాట కాదనరు. కానీ దానికి చూపు లేదు. ఏది పట్టు, ఏది నూలు, ఏ మరక నూనెది, ఏది నెత్తురుది, ఏ చీర మొదటి ఉతుకులో రంగు వదులుతుంది, ఇవేవీ దానికి తెలీవు. ఆ చూపు ఒకప్పుడు రేవులో ఉండేది. మూట విప్పగానే తెల్లవి ఒక పక్కకి, రంగువి ఒక పక్కకి వెళ్ళిపోయేవి. చౌడు మట్టిలో నానేవి ఏవో, బానలో ఆవిరికి పెట్టదగ్గవి ఏవో, నీడన ఆరేయాల్సినవి ఏవో రజకులకి చేత్తో తడిమితే తెలిసేది. ఎవరింటి గుడ్డ ఎవరిదో కలిసిపోకుండా నల్లజీడి రసంతో మూలన పెట్టిన గుర్తు గుడ్డ చిరిగేదాకా చెరిగేది కాదు. ఇప్పుడు బండ మీద బాదే పని మిషన్‌కి అప్పగించాం. ఆ చూపుని మాత్రం ఇంట్లో ఎవరూ తీసుకోలేదు. బట్టలు పాడవుతున్నది అక్కడే.

ముందు జేబులు. ఎవరి జేబులు వాళ్ళే ఖాళీ చేసి బుట్టలో వెయ్యాలి. ఇంట్లో ఆడవాళ్ళు వెతుక్కోవాలనడం న్యాయం కాదు. చేతులు తుడుచుకున్న కాగితం ఒక్కటి జీన్సు జేబులో మిగిలితే చాలు, నల్ల బట్టల నిండా తెల్ల నలక అంటుకుంటుంది. రెండోసారి ఉతికినా పూర్తిగా పోదు. బాల్ పెన్ను సంగతి చెప్పక్కర్లేదు. చీరలకైతే పిన్నీసులు. భుజం దగ్గర ఒకటి, కుచ్చిళ్ళ దగ్గర ఒకటి, పెళ్ళికి వెళ్ళొచ్చిన చీరకైతే పైట మడతల్లో ఇంకా రెండు మూడు. అలిసిపోయి వచ్చి చీర విప్పేటప్పుడు వాటిని తీయడం గుర్తుండదు. అందుకే చీరని మిషన్‌లో వేసేముందు అంచు పట్టుకుని ఆ చివర నించి ఈ చివరిదాకా వేళ్ళ మధ్య జారనివ్వండి. నోరు తెరుచుకున్న పిన్నీసు ఒక్కటి ఉంటే ఆ చీరతో పాటు పక్క గుడ్డల్ని కూడా చీరేస్తుంది. రవికె హుక్కులు పెట్టేయండి, ప్యాంటు జిప్పు పైకి లాగండి. లంగా బొందు రెండు కొసలూ కలిపి వదులుగా ముడి వేస్తే అది బయటికి జారదు, నాలుగు చొక్కాల చేతులకి చుట్టుకుని పీటముడి పడదు. చీరలూ పంచెలూ చున్నీలూ మడతపెట్టి వల సంచిలో వేస్తే మోకులా మెలితిరగకుండా బయటికొస్తాయి.

ముందు తలుపుండే మిషన్ అయితే కింద ఓ మూలన చిన్న మూత ఉంటుంది, చాలామంది దాన్ని కొన్న రోజు తర్వాత మళ్ళీ తెరిచి ఉండరు. నీళ్ళు బయటికి తోడే మోటారుకి ముందున్న జల్లెడ అది. ప్లగ్ తీసేసి, కింద వెడల్పాటి పళ్ళెం పెట్టి, మూతని మెల్లిగా తిప్పండి. ముందు కాసిని నల్లటి నీళ్ళు వస్తాయి. తర్వాత జల్లెడకి చుట్టుకున్న జుట్టు, దారాలు, ఒక గుండీ, రెండు రూపాయి బిళ్ళలు, హెయిర్ పిన్ను. మిషన్ నీళ్ళు వదలకుండా మధ్యలో ఆగిపోతోందంటే మెకానిక్కుకి ఫోన్ చేసేముందు ఇక్కడ చూడండి. అలాగే నీళ్ళొచ్చే పైపు మిషన్‌కి తగిలే చోట ఒక సన్నటి వల ఉంటుంది. బోరు నీళ్ళలో ఇసుక వచ్చే ఇళ్ళల్లో అది పూడుకుపోయి, నీళ్ళు సన్నగా దిగి, గంటలో అవ్వాల్సిన ఉతుకు రెండు గంటలు సాగుతుంది.

మా అక్క కూతురు బెంగుళూరులో ఉద్యోగంలో చేరి, స్నేహితురాళ్ళతో కలిసి ఫ్లాటు తీసుకుంది. మొన్న ఫోన్ చేసింది.

"పిన్నీ, దీని మీద ఇన్ని గుర్తులున్నాయేంటి? ఏది నొక్కను?"

"అది సరే గానీ, ఎన్ని బట్టలు వేశావు?"

"తలుపు పట్టినన్ని."

"సగం తియ్యమ్మా. తర్వాత గుర్తుల సంగతి చూద్దాం."

7 కిలోల మిషన్ అంటే 7 కిలోల పొడి బట్టలు. ఒక్క జీన్సు ప్యాంటే ఆరేడు వందల గ్రాములు తూగుతుంది. పెద్ద తువ్వాలు దాదాపు అరకిలో. అయినా తూకం కన్నా చెయ్యే మంచి కొలత. ముందు తలుపు మిషన్‌లో బట్టలన్నీ వేశాక వాటి పైన మీ చెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ ఉండాలి. ఎందుకో చెప్తాను. డ్రమ్ము తిరుగుతూ బట్టల్ని పైకి ఎత్తి కిందకి పడేస్తుంది. ఆ పడటమే ఉతుకు. బండ మీద మనం కొట్టిన దెబ్బ అదే. కుక్కేస్తే పడటానికి చోటుండదు, అన్నీ ఒక ముద్దగా తడిసి బయటికొస్తాయి. మరీ తక్కువైనా చిక్కే. ఒక్క బరువైన దుప్పటి వేస్తే అది ఒక పక్కకి చేరి, పిండేటప్పుడు మిషన్ గదంతా అదిరేలా ఊగుతుంది. దానికి తోడు రెండు తువ్వాళ్ళు వేయండి, బరువు సర్దుకుంటుంది. నిమిషానికి 1200 చుట్లు తిరిగే వేగంలో గుడ్డని బయటివైపు నెట్టే బలం దాని బరువుకి మూడు వందల రెట్లు దాటుతుంది మరి, ఒక పక్కకి చేరితే ఊగదూ!

ఇక రంగులు. మన నేతల అందమంతా రంగులోనే ఉంది, భయమూ అక్కడే. పోచంపల్లి ఇక్కత్తు, మంగళగిరి నూలు, నారాయణపేట, వీటిలో ముదురు ఎరుపు, నీలం, మెరూన్ ఏది కొత్తగా వచ్చినా మూల ఒకటి తడిపి తెల్ల గుడ్డ మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. తెల్ల గుడ్డకి రంగు అంటిందా, ఆ చీర కొన్ని ఉతుకుల దాకా మిషన్ మొహం చూడకూడదు. బకెట్టులో చన్నీళ్ళతో, ఒంటరిగా. ఉప్పునీళ్ళలో ముంచే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది. ఉప్పు ఆ పూటకి రంగు దిగడాన్ని కాస్త తగ్గించవచ్చు గానీ, వదులుగా ఉన్న రంగుని నూలుకి పట్టించలేదు. దాన్ని నమ్ముకుని రెండో ఉతుకే మిగతావాటితో కలిపేయకండి. పెడన కలంకారీ అయితే ఇంకా సున్నితం. కరక్కాయ, పటికలతో గుడ్డని సిద్ధం చేసి, చెట్టు చేమల నించి తీసిన రంగులతో అద్దిన గుడ్డకి ఘాటైన సర్ఫు పడదు, మండుటెండా పడదు. కుంకుడు రసమో, ఘాటు లేని ద్రవమో వేసి, నానబెట్టకుండా చేత్తో జాడించి నీడన వేయండి. కార్తీకం వచ్చిందంటే అయ్యప్ప మాల వేసుకున్న ఇళ్ళల్లో రోజూ నల్ల బట్టలే. నలభై ఒక్క రోజులు వాటికి వేరే బుట్ట పెట్టుకుంటే మిగతా ఇంటి బట్టలు బతుకుతాయి.

పట్టు సంగతి నేను గట్టిగానే చెప్తాను: మిషన్‌లో వద్దు. మెల్లగా తిప్పే ప్రోగ్రాము ఉందనీ, సంచిలో వేస్తామనీ అంటారు. తిప్పడం ఒక్కటే కాదు సమస్య, సర్ఫు కూడా. ఇప్పటి మంచి సర్ఫుల్లో ఎంజైములు ఉంటాయి. 1913లో ఒట్టో రోమ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త జంతువుల క్లోమం నించి తీసిన ఎంజైములతో బట్టలుతికే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ ఆలోచనే పెరిగి పెరిగి మన డబ్బాల్లోకి వచ్చింది. నెత్తురు, పాలు, గుడ్డు, చెమట మరకల్లో ఉండేది ప్రోటీను. దాన్ని ముక్కలు చేసే ఎంజైము ఆ మరకల్ని వదలగొడుతుంది. పట్టు కూడా ప్రోటీనే, ఉన్నీ కూడా ప్రోటీనే. పాల మరకని తినేది ధర్మవరం చీర దారాన్ని ఎందుకు వదులుతుంది? ఒక్క ఉతుకులో తెలియకపోవచ్చు. నాలుగైదు ఉతుకులకి మెరుపు తగ్గి, పోగు బలం పోయి, మడత దగ్గర చిట్లుతుంది. అమ్మమ్మ కట్టిన పట్టుచీర మనవరాలి దాకా వచ్చిందంటే కుంకుడుకాయ చలవే చాలా ఉంది.

మరకల్లో పసుపుని చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. తెల్ల చొక్కా మీద పులిహోర మరక పడిందా, దాని మీద సబ్బు రాయండి. రాయగానే పసుపు కాస్తా ఎర్రగా, కుంకం రంగులోకి తిరుగుతుంది. గాభరా పడి మరక ముదిరిపోయిందనుకుంటారు. ఏమీ కాలేదు. పసుపులోని కర్‌క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. మన పళ్ళెంలో పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసుకునేది ఇదే లెక్కన. సబ్బు పోయేలా జాడిస్తే మళ్ళీ పసుపుగానే కనిపిస్తుంది. ముందు నూనె సంగతి చూసి, మామూలుగా ఉతికి, లేత పసుపు ఛాయ మిగిలితే తడి ఉండగానే ఎండలో పరవండి. మరక ఉన్నవైపు సూర్యుడికేసి ఉండాలి. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే సగం వెలిసిపోయి ఉంటుంది, ఒక్కోసారి సాయంత్రానికి ఎక్కడుండేదో గుర్తుపట్టలేం. కర్‌క్యుమిన్‌కి వెలుగు పడదు. తెల్ల గుడ్డకి ఇంతకన్నా సుళువైన, ఖర్చు లేని మందు లేదు.

ఆవకాయ నూనె పడితే నీళ్ళు తగలనివ్వకండి. పొడిగా ఉన్నప్పుడే గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసి, వేలితో రుద్ది, పది నిమిషాలాగి అప్పుడు మిషన్‌లో వేయండి. నెత్తురుకి చన్నీళ్ళే, వేణ్ణీళ్ళు పోస్తే అది గుడ్డలోనే గడ్డకట్టి కూర్చుంటుంది. కాలర్ మురికికి, చంకల దగ్గర పసుపు చారలకి ఉతికే ద్రవమే రాసి కాసేపు ఉంచితే బ్రష్షు పెట్టి కాలర్ పీచు లేచేలా తోమక్కర్లేదు. అరటి జిగురు, మామిడి సొన అంటిన పాత చొక్కాని మాత్రం తోటపనికి ఉంచేయడం మంచిది. ఏ మరకైనా పూర్తిగా పోకముందు ఇస్త్రీ పెట్టొద్దు, ఆ వేడికి అది అక్కడే స్థిరపడుతుంది.

సర్ఫు ఎంత వేయాలన్నది సర్ఫుని బట్టి కాదు, మీ నీళ్ళని బట్టి ఉంటుంది. కృష్ణా, గోదావరి నీళ్ళు కుళాయిలో వచ్చే ఇంటికీ, హైదరాబాదు శివార్లలో లోతు బోరు మీద బతికే అపార్టుమెంటుకీ ఒకటే కొలత ఎలా సరిపోతుంది? తాగునీటికి మన దేశపు ప్రమాణం లీటరుకి 200 మిల్లీగ్రాముల కఠినత్వం దాటకూడదంటుంది, వేరే గతి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. చాలా బోర్లు ఈ రెంటి మధ్యే ఎక్కడో ఉంటాయి, కొన్ని పైకీ వెళ్తాయి. ఇంట్లో చూసుకోవడానికి సుళువు దారి ఉంది. సీసాలో సగం నీళ్ళు పోసి, ఒంటి సబ్బు చిన్న ముక్క వేసి ఊపండి. నురగ పైకి లేచి నిలబడితే మెత్తటి నీళ్ళు. నురగ రాకుండా పెరుగు విరిగినట్టు తెల్లటి తెట్టు తేలితే మీ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్నాయి. తువ్వాళ్ళు అప్పడాల్లా బిరుసెక్కేదీ, తెల్ల బనీన్లు బూడిద రంగుకి తిరిగేదీ అందుకే.

అలాంటి నీళ్ళకి సర్ఫు కొంచెం ఎక్కువే కావాలి. కొంచెం అన్నాను, గుర్తుంచుకోండి. నురగే శుభ్రం అనుకుని రెట్టింపు పోసేవాళ్ళున్నారు. ముందు తలుపు మిషన్‌లో నురగ ఎక్కువైతే బట్టలు దాని మీద మెత్తగా పడతాయి, దెబ్బ తగలదు, మురికి వదలదు. మిగిలిన సర్ఫు గుడ్డలో ఉండిపోయి పిల్లల మెడల దగ్గర దురద పుట్టిస్తుంది. అందుకే ఆ మిషన్లకి నురగ తక్కువ వచ్చే రకం వేరే అమ్ముతారు, అదే వాడండి. తువ్వాళ్ళకి మెత్తదనం ఇస్తుందని పోసే వాసన ద్రవం వద్దు, ఒళ్ళు తుడుచుకుంటే నీళ్ళు పీల్చవు. నీళ్ళు కాచే మిషన్‌లో ఉప్పు పేరుకుంటుంది, దానికి నిమ్మ ఉప్పు ఉంది. ఓ నెలా రెండు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో వంద గ్రాములు వేసి వేడి నీళ్ళ ఉతుకు ఒకటి తిప్పండి. ఆ రోజు మాత్రం బ్లీచింగు దరిదాపుల్లో ఉండకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం.

గుర్తుల సంగతి చూద్దామని పిల్లకి మాటిచ్చాను కదా. రోజువారీ బట్టలకి చన్నీళ్ళో, 30, 40 డిగ్రీలో చాలు. ఎంజైములూ ఆ వేడిలోనే చక్కగా పనిచేస్తాయి. తలగడ గలీబులు, దుప్పట్లు, జబ్బు పడి లేచినవాళ్ళ బట్టలకి 60. దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు ఆ వేడికి చస్తాయి, తుమ్ములతో బాధపడేవాళ్ళకి అది పెద్ద ఉపకారం. నీళ్ళు కాచడానికే కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి అన్నిటికీ 60 పెట్టకండి. చొక్కా లోపల పక్క కుట్టు దగ్గర ఉండే చిన్న పట్టీ కత్తిరించి పారేయకుండా చదవండి. తొట్టి బొమ్మలో అంకె ఉంటే అన్ని డిగ్రీలు దాటొద్దని, తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తోనే ఉతకమని, చతురస్రంలో గుండ్రం గీసి కొట్టేస్తే డ్రయర్‌లో వేయొద్దని. ఈ చివరిది అమెరికాలో ఉన్న మన పిల్లలకి. ఇక్కడి నించి తీసుకెళ్ళిన నూలు కుర్తాలు అక్కడి డ్రయర్‌లో వేస్తే చేతులు మణికట్టు పైకి ఎక్కుతాయి. ఆరేసే చోటు లేకపోతే గదిలో కుర్చీల మీదైనా వేసుకోండి నాన్నా.

గంజి పెట్టే చీరలు, పంచెలు మిషన్‌లో ఉతికి తీశాక బకెట్టులో పలచని గంజి పెట్టుకోవడమే మంచిది. గంజితో మిషన్ తిప్పితే అది డ్రమ్ము వెనకాల పట్టి, పులిసి, తర్వాతి బట్టలకి వాసన ఎక్కిస్తుంది. ఉతుకు అయ్యాక తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడత వేలితో తెరిచి పొడిగుడ్డతో తుడవండి, నల్ల బూజు మొదలయ్యేది అక్కడే. తలుపు కాసేపు ఓరగా తెరిచి ఉంచండి. పాకే పిల్లలున్న ఇల్లయితే మాత్రం ఎవరో ఒకరు అక్కడ ఉండగానే తెరిచి, మళ్ళీ వేసేయండి.

శ్రావణ భాద్రపదాల్లో ఆరడం పెద్ద సమస్య. సగం ఆరిన బట్టలకి వచ్చే ఆ మగ్గు వాసన సూక్ష్మజీవులది, ఎంతసేపు తడిగా ఉంటే అంత పెరుగుతాయి. మిషన్ ఆగగానే తీసేయాలి, రాత్రంతా లోపల ఉంచకూడదు. పిండే వేగం ఒక మెట్టు పెంచండి. గదిలో ఆరేస్తే ఫ్యాను కిందే, రెండు గుడ్డలు ఒకదానికొకటి తగలకుండా, చొక్కాలు హ్యాంగర్లకి తగిలించి. జీన్సుని తిరగేసి నడుం దగ్గర క్లిప్పులు పెట్టి, జేబులు బయటికి లాగి వేలాడదీయండి. ప్యాంటంతా ఆరినా జేబు గుడ్డ తడిగానే ఉంటుంది, వాసన అక్కణ్ణించే మొదలవుతుంది.